ఫైబర్ పోస్టు : వేరు చికిత్స పొందిన దంతముల పునర్నిర్మాణము

జనవ్యవహారమున రూట్ కెనాల్ అనబడు వేరు చికిత్స ముగిసిన పిదప, పైభాగము చాలవరకు పుచ్చి గాని విరిగి గాని పోయిన పంటియందు, ఖాళీయైన వేరుకాలువలోనికి దింపి అతికించి, పైకి నిలిచిన కొనచుట్టును పంటిరంగు పదార్థముతో మొండెము కట్టి, దానిపై క్యాప్ తొడుగుటకు ఆధారముగా నిలుపు సన్నని పుల్లకు పోస్టు అని పేరు. అది లోహముతో గాక, గాజు, క్వార్ట్జు, లేక కర్బనపు నారలను నిలువున పేర్చి రెజిను అను బంకతో కలిపి గట్టిపరచి చేసినదైనచో దానిని ఫైబర్ పోస్టు అందురు. గాజునారల పోస్టును అరచేతిలో ఉంచుకొని చూచినచో అది సుమారు రెండు సెంటీమీటర్ల పొడవును, మిల్లీమీటరునకు కొంచెము హెచ్చు లావును గలిగి, మబ్బుపట్టిన గాజువలె తెల్లనై, చీపురుపుల్ల తుంట యంత తేలికగా ఉండును. ఒక కొనను దీపమునకు పట్టినచో రెండవ కొనయందు చిన్న వెలుగుచుక్క మెరయును. ఇంతటి అల్పవస్తువు దంతవైద్యమున ముప్పదియేండ్లకు పైగా ఇంత చర్చకు గురియగుటకు కారణము తెలియవలెనన్నచో, ముందుగా వేరు చికిత్స పంటిని ఏమి చేయునో చూడవలెను.

పుచ్చు లోతునకు దిగి దంతమజ్జ కుళ్లినప్పుడు గాని, దెబ్బ తగిలి మజ్జ చచ్చినప్పుడు గాని, పంటిని పీకివేయక, పైనుండి రంధ్రము చేసి, మజ్జను తొలగించి, వేరుకాలువలను సూదివంటి ఆకురాళ్లతో రాచి, మందునీటితో కడిగి, ఆరబెట్టి, గట్టాపర్చా అను మలయాదేశపు చెట్టుపాల పదార్థముతో మూయుటయే వేరు చికిత్స. "నరము తీయించుకొన్నాను" అని జనులు చెప్పునది ఇదియే. నరము తీసిన పన్ను నీరులేని చెట్టువలె ఎండి పెళుసెక్కునని, అందుచేత దానిలో ఏదోయొక ఊచ దింపి బలపరుపవలెనని చాలకాలము వైద్యులును నమ్మిరి. తరువాతి పరీక్షలలో జీవముగల పంటికిని, మజ్జ తీసిన పంటికిని నడుమ తేమయందు గాని, పంటి ముఖ్యపదార్థమగు డెంటిను గట్టితనమునందు గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 1989లో రీ, మెస్సర్, డగ్లస్ అను పరిశోధకులు పీకిన పండ్లపై కొలిచి చూపిన లెక్క ఈ విషయమున నేటికిని ఉదాహరింపబడుచుండును: వేరు చికిత్సకై చేసిన రంధ్రమువలన పంటి బిగువు 5 శాతము మాత్రమే తగ్గినది, నమలు ముఖమున తీసిన పూడికగుంటవలన 20 శాతము తగ్గినది, ఇరుప్రక్కల అంచులును తెగునట్లు గుంట తీసినచో 63 శాతము తగ్గినది. పంటిని బలహీనపరచునది నరము పోవుట గాదు, గోడలు పోవుట. ఇల్లు కూలునది లోపలి దీపము ఆరినందువలన గాదు గదా!

ఈ విషయమును గ్రంథములనుండి గాక ఊరినుండి చూడదలచినవారికి నల్గొండ జిల్లాలోని వేములపల్లి మండలము తగిన చోటు. వేము అనగా వేప. ఊరిపేరునందే పందుంపుల్ల ఇమిడియున్నదని చమత్కరింపవచ్చును. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై మిర్యాలగూడకు ఈవల, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న ఈ ప్రాంతపు జనులు పంటినొప్పి వచ్చినప్పుడు మిర్యాలగూడకో, సూర్యాపేటకో, కోదాడకో పోవుట వాడుక. కేసు కఠినమైనచో అదే రహదారి చివరనున్న నార్కట్‌పల్లి దంతవైద్య కళాశాలకో, హైదరాబాదు అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంతవైద్యశాలకో పంపబడుదురు. ఇట్టి చోట్ల పోస్టు అవసరమగు రోగి కథ తరచుగా ఒక్క తీరుననే నడచును. మిర్యాలగూడ బియ్యపుమిల్లులో మూటలు మోయు వయసుమళ్లిన హమాలీ యొకడు ఏడాదిక్రిందట రూట్ కెనాల్ చేయించుకొని, నొప్పి పోయినది గదా యని క్యాప్ మాట మరచియుండును. జీవితమంతయు బియ్యము మోసినవానికే ఒకనాటి అన్నములో బెడ్డ తగిలి, పన్ను చిగురుదాక విరుగును. కుర్చీలో వెనుకకు వాలి అతడు అడుగు ప్రశ్నయు, వైద్యుని సమాధానమును ఈ రీతిగా ఉండును: "పోస్టంటే ఏంది సారూ, మేకు గొట్టినట్టా?" "మేకు గాదు పెద్దయ్యా, పుల్ల. కొట్టుడు లేదు, అంటించుడే." కొట్టుటనుండి అంటించుటకు దంతవైద్యము చేరుటకు రెండువందల అరువది ఏండ్లకు పైగా పట్టినది.

పారిసు నగరపు వైద్యుడు పియేర్ ఫొషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథమున, వేరులో బంగారు లేక వెండి చీలను దింపి, వేడిచే మెత్తబడు లక్కవంటి బంకతో నిలిపి, దానిపై కృత్రిమదంతమును కూర్చు పద్ధతిని వర్ణించెను. తరువాతివారు కొందరు చవకయనియు, తనంత బిగియుననియు కొయ్యచీలలను వాడిరి. పొడికొయ్య నోటితడికి ఉబ్బి వేరులో గట్టిగా పట్టుకొనుమాట నిజమే. కాని పూర్వము బండలను చీల్చుటకు బెజ్జములలో ఎండుకొయ్య చీలలు దిగగొట్టి నీరు పోసెడివారన్న సంగతి ఎరిగినవారికి, ఆ ఉబ్బు మరికొంత సాగినచో వేరునకు పట్టు గతి చెప్పనక్కరలేదు. 1880 ప్రాంతమున అమెరికాలో రిచ్మండ్ అనునతడు చీలయు, పైతొడుగును ఏకఖండముగానుండు క్యాప్‌ను ప్రచారమునకు తెచ్చెను. 1907లో టాగర్ట్, మైనముతో అచ్చు చేసి దానిని కరగించి ఆ ఖాళీలో బంగారమును పోయు పోతపని విధానమును దంతవైద్యులకు చూపిన పిదప, వేరుకాలువ ఆకారమునకు అచ్చముగా సరిపోవు పోత పోస్టులు సాధ్యమయ్యెను. కంచరివారికి తరతరములుగా తెలిసిన పనియే ఇది. కొలత మాత్రము మిల్లీమీటరులో పదవవంతు. పోత పోస్టు ఇరువదవ శతాబ్దిలో అధికభాగము రాజ్యమేలినది, ఇప్పటికిని కొన్ని సందర్భములలో నిలిచియున్నది. అది రెండు దఫాల పని: మొదటినాడు అచ్చు, రెండవనాడు అమర్చుట. ఈ ఆలస్యము తప్పించుటకు మరలు గల స్టీలు, టైటానియము పోస్టులు తయారుగా అంగళ్లలోనికి వచ్చెను. కావలసిన సైజు తీసి మరమేకువలె త్రిప్పి బిగించినచో పని అరగంటలో అయిపోవును. పట్టు దొడ్డది, అపాయమును దొడ్డదే.

ఆ అపాయమెట్టిదో తెలియుటకు ఒక్క కొలత చాలును. పదార్థము బరువునకు ఎంత వంగక నిలుచునో తెలుపు స్థితిస్థాపక గుణకమును గిగాపాస్కలులలో లెక్కించినచో, డెంటినునకు సుమారు 18, టైటానియమునకు 110, స్టీలునకు 200, ఆపైన తెల్లదనముకొరకు వచ్చిన జిర్కోనియాకును 200 ప్రాంతమే. నమలునప్పుడు పన్ను కంటికి కనబడనంతగా వంగుచుండును. చుట్టునున్న డెంటిను వంగుచుండగా లోపలి ఊచ వంగదు. మట్టిగోడలో నిలువున గునపము దించి దాని పైకొనను ఊపినచో గోడ ఎచ్చట పగులునో, ఇచ్చటను అట్లే ఊచ దిగువకొనయొద్ద ఒత్తిడి కూడి వేరు నిలువున చీలును. నిలువుచీలిక పడిన వేరును బ్రతికించు ఉపాయము దాదాపు లేదు, పీకవలసినదే. నారలు నిలువుగానున్న ఫైబర్ పోస్టు గుణకము వానివాని తయారీని బట్టి సాధారణముగా 20 మొదలు 40 వరకు ఉండును, అడ్డముగా వచ్చు బలమునకు ఇంకను తక్కువ. అది పంటితోపాటు వంగును. బలము మితిమీరినప్పుడు వేరును చీల్చుటకు ముందే పోస్టు ఊడివచ్చును, లేదా తానే విరుగును. లోహపు పోస్టు ఓడినచో పన్ను పోవును, ఫైబర్ పోస్టు ఓడినచో పని మరల చేయవలసివచ్చును. ఈ పుల్లకు గల ఘనతలో అధికభాగము గెలుచుటయందు గాక ఓడు తీరునందే యున్నదని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

నారను బంకతో కలిపి బలమైన వస్తువు చేయుట మనకు క్రొత్తది గాదు. గోడమట్టిలో వరిగడ్డి త్రొక్కి కలుపువారు చేయునది అదియే. వెదురులో ప్రకృతి చేసినదియు అదియే. ఫ్రాన్సుదేశపు దంతవైద్యుడు ఫ్రాన్స్వా ద్యురే, దంతవైద్యమున కంప్యూటరు సాయముతో క్యాప్‌లు చెక్కు విద్యకు ఆద్యులలో నొకడు, తన సహచరులతో కూడి 1990లో కర్బనపు నారల పోస్టును వైద్యలోకమునకు పరిచయము చేసెను. విమానపు భాగములకు వాడు పదార్థమే ఇది: వెండ్రుకకంటె అనేకరెట్లు సన్ననైన నారలు, పరిమాణమున మూడింట రెండువంతులకు చేరువగా, ఎపాక్సీ బంకలో బిగువుగా లాగి పేర్చబడినవి. గుణము మంచిదే గాని రంగు నల్లన. వెనుక దవడపంటిలో ఎవరును చూడరు. ముందుపంటిలో మాత్రము పింగాణి క్యాప్ క్రిందనుండి చిగురు అంచున నీలినీడ తొంగిచూచెను. ఇందువలన 1990ల దశకము ముగియకమునుపే క్వార్ట్జు నారలును, గాజు నారలును కర్బనపు స్థానమును ఆక్రమించెను. ఇవి తెల్లనివగుట యొక లాభము. వెలుతురును లోనికి కొంతవరకు ప్రసరింపజేయుట రెండవది, ఏలనన వెలుగుచే గట్టిపడు సిమెంటును వాడుటకు అది సాయపడును.

అంటించు విద్య లేనిదే ఈ పుల్ల లేదు. 1955లో అమెరికాలోని రాచెస్టరులో బ్యూనకోర్ అనునతడు పంటి పింగాణిపొరపై ఫాస్ఫారికామ్లము రాచి దానిని గరుకుపరచి రెజిను అతుకునట్లు చేసెను. 1962 ప్రాంతమున బోవెన్ నేటి పంటిరంగు పూడికలకు మూలమైన రెజినును కనిపెట్టెను. 1982లో జపానుకు చెందిన నకబయాషి, రెజిను డెంటినులోనికి ఇంకి దాని నారలతో పెనవేసికొను సంకరపొరను చూపెను. ఈ మూడింటిపైనను నిలిచినదే ఫైబర్ పోస్టు. అయితే వేరుకాలువ అంటించుటకు అత్యంత ప్రతికూలమైన చోటు. అది ఇరుకైన బావివంటిది: అడుగున వెలుగు చేరదు, తేమ పూర్తిగా పోదు, సిమెంటు గట్టిపడుచు కుంచించుకొనునప్పుడు సర్దుకొనుటకు తెరపియగు ఉపరితలము లేదు. సాధారణపు పూడికగుంటలో అతికిన తలములకును అతకని తలములకును గల నిష్పత్తి ఒకటినుండి ఐదువరకు ఉండగా, వేరుకాలువలో అది రెండువందలు దాటునని లెక్కించిరి. దీనికి తోడు వేరు చికిత్సలో వాడు వస్తువులే అంటుటకు శత్రువులగును. కాలువను కడుగు సోడియం హైపోక్లోరైటు విడిచిన ఆక్సిజను రెజిను గట్టిపడుటను అడ్డగించును. కాలువ మూయు సీలరులో యూజినాల్, అనగా లవంగనూనె సారము, ఉన్నచో అదియు అట్లే చేయును. పంటినొప్పికి అమ్మమ్మ దూదిలో తడిపి పెట్టు లవంగనూనె ఇచ్చట పోస్టునకు పగయగుట విచిత్రము.

కాబట్టి పని శ్రద్ధతో సాగవలెను. ఉమ్మి చేరకుండ పంటిచుట్టును రబ్బరు తెర కట్టి, ఎక్స్‌రేలో వేరు పొడవును ముందుగా కొలిచికొని, వేడి పనిముట్టుతోనో మొద్దుకొన గల డ్రిల్లుతోనో పైభాగపు గట్టాపర్చాను తీసివేయుదురు. అడుగున నాలుగైదు మిల్లీమీటర్ల గట్టాపర్చా కదలకుండ నిలిచియుండవలెను; అది వేరుకొనయొద్ద క్రిములకు మూత. కాలువను పోస్టునకు సరిపడునట్లు వెడల్పు చేయుటకంటె, ఉన్న కాలువకు సరిపడు పోస్టును ఎంచుకొనుట వివేకము. డ్రిల్లు రవ్వంత ప్రక్కకు జరిగినచో వేరుగోడకు చిల్లు పడును. పోస్టును వేసి చూచి, ఎక్స్‌రే తీసి, సారాయముతో తుడిచి, సైలేన్ అను ద్రవమును పూయుట కద్దు. కాలువను కడిగి, ఊదిన గాలితో గాక కాగితపు పుల్లలతో ఆరబెట్టి, వెలుతురువలనను తనంతట తానును రెండువిధములుగను గట్టిపడు సిమెంటును సన్నని గొట్టముతో అడుగునుండి పైకి నింపుదురు. పైనుండి నింపినచో అడుగున గాలిబుడగ చిక్కుకొనును. ఆమ్లమును జిగురును వేరువేరుగా పూయనక్కరలేక తమంత అతుకు సిమెంట్లు 2000 తరువాత వచ్చి ఈ పనిని చాల తేలికపరచినవి. పోస్టును మెల్లగా దింపి, కదలకుండ పట్టి, నీలికాంతి దీపమును కొనపై నిలిపినప్పుడు పుల్ల నిలువెల్ల వెలుగుటయు, చిగురుగుండ ఎర్రని ఛాయ కనబడుటయు, మొదటిసారి చూచువానికి తమాషాగా ఉండును. ఆపైన పంటిరంగు రెజినుతో మొండెము కట్టి చెక్కుదురు. పోస్టుకొన నోటి తేమకు బయల్పడియుండరాదు. నారలవెంబడి తడి లోనికి పాకును.

ఇంతయు చేసిన పిదపను పంటి ఆయుర్దాయము వేరొక దానిపై ఆధారపడియున్నది. రోకలికొనకు తొడుగు ఇనుపకట్టును తెలుగున పొన్ను అందురు. పొన్ను లేని రోకలి నాలుగుదినములు దంచగానే పీచులు విచ్చి చీలును. పొన్ను బిగిసియున్నంతవరకు ఎంత వడ్లు దంచినను కర్ర కర్రగానే నిలుచును. దంతవైద్యులు ఫెర్రూల్ అనునది సరిగా ఇదియే, మన భాషలో అంతకంటె దగ్గరి మాట మరియొకటి లేదు. క్యాప్ అంచు, కట్టిన మొండెమును మాత్రమే గాక, దాని క్రిందనున్న సహజదంతపు గోడను ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్ల ఎత్తున చుట్టును కౌగిలించుకొనవలెను. ఆ గోడయు కనీసము ఒక మిల్లీమీటరు మందము కలదై యుండవలెను. 1990లో సోరెన్సెన్, ఎంగెల్మన్ అనువారు, మొండెము క్రింద ఒక్క మిల్లీమీటరు సహజదంతము అదనముగా నిలిచినను విరుగుటకు ఓర్చుకొను శక్తి చెప్పుకోదగినంత పెరుగునని చూపిరి. పన్నునకు పొన్ను ఉన్నచో ఏ పోస్టైనను పనిచేయును. పొన్ను లేనిచో ఏ పోస్టును ఎక్కువకాలము కాపాడలేదు. జర్మనీలో నౌమన్ బృందము, గోడ చాలినంత నిలిచిన పండ్లను ఎన్నుకొని గాజునారల పోస్టులను, టైటానియము పోస్టులను ఏండ్లతరబడి సరిపోల్చి చూచినప్పుడు రెంటికిని గణనీయమైన భేదము కనబడకపోవుట ఈ మాటకే సాక్ష్యము. పోస్టులను గూర్చి జరిగిన వాదములలో సగము, పొన్నును లెక్కింపక చేసిన వాదములే యనిపించును.

చుట్టును సమానముగా గోడ లేనప్పుడు ఏప్రక్క ఉన్నదో చూచుట ముఖ్యము. పైదవడ ముందుపండ్లపై క్రిందిపండ్ల దెబ్బ లోపలనుండి వెలుపలికి తగులును గనుక, అంగిలివైపు గోడ నిలిచియుండుట పెదవివైపు గోడకంటె విలువైనది. గోడ చిగురులో మునిగియున్నచో చిగురును, దాని క్రింది ఎముకను కొంత కోసి తగ్గించుట యొక మార్గము. తీగెతో కట్టి వేరును కొద్దికొద్దిగా పైకి లాగుట మరియొకటి. ఇవి రెండును సాధ్యముగానిచో ఆ పంటిపై పోస్టు ఖర్చు పెట్టించుట రోగికి ఉపకారము గాదు.

పోస్టు పంటికి బలమిచ్చునను భ్రమ ఇంకను తొలగలేదు. సోరెన్సెన్, మార్టినాఫ్ 1984లో వేరు చికిత్స పొందిన 1,273 పండ్లను పరిశీలించి, పోస్టు ఉన్నందువలన పండ్లు హెచ్చుకాలము నిలువలేదనియు, వెనుకపండ్లపై క్యాప్ వేసినందువలన మాత్రము నిలిచినవనియు తేల్చిరి. పోస్టు చేయునది మొండెమును పట్టియుంచుట, అంతకుమించి గాదు. ఇందుచేత దవడపండ్లలో, మజ్జయుండిన గది విశాలమై తానే పూడికను పట్టుకొనును గనుక, పోస్టు అరుదుగనే అవసరమగును. వేరు చికిత్సకై చిన్నరంధ్రము తప్ప చెక్కుచెదరని ముందుపంటికిని అక్కరలేదు. పైభాగము సగమునకు మించి పోయిన ముందుపండ్లకును, దవడపండ్లకు ముందుండు రెండేసి చిన్నపండ్లకును ఇది ముఖ్యముగా పనికివచ్చును. బిల్లులో పోస్టు అను పంక్తి కనబడినప్పుడు ఏల యని అడుగుట రోగి హక్కు.

నల్గొండ ప్రాంతమున ఈ పనికి మరియొక చిక్కు తోడగును. తెలుగునేలపై నీటి ఫ్లోరైడువలని వ్యాధిని షార్ట్ మొదలగువారు 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములనుండి వెల్లడించిరి. నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడెను. సున్నము, పటిక, బ్లీచింగు పొడి వేసి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని నాగపూరునందలి నీరీ సంస్థ 1970లలో రూపొందించగా, అది నల్గొండ పద్ధతి యను పేరనే ప్రపంచమున ప్రసిద్ధికెక్కినది. మునుగోడు, మర్రిగూడ వైపు మెట్టభూముల బోరునీటిలో ఈ దోషము తీవ్రము. సాగర్ కాలువనీరును, 2016నుండి మిషన్ భగీరథ నీరును వచ్చిన చోట్ల పిల్లలకు ముప్పు తగ్గినను, పంటి పింగాణి చిన్ననాటనే తయారగును గనుక, ఎనిమిదేండ్లలోపు త్రాగిన నీటి గుర్తు అరువదియేండ్లకును చెరగదు. నేడు పోస్టు కొరకు వచ్చు పెద్దవారిలో ఆ గోధుమరంగు చారలు గలవారు పెక్కురు.

ఫ్లోరైడు సోకిన పింగాణి పైపొర ఆమ్లమునకు సులువుగా లొంగదు. దానిక్రింది పొర మాత్రము సందులు గలదై గుల్లగా ఉండును. తేలికదోషమున్నచోట ఆమ్లమును కొంత హెచ్చుసేపు ఉంచుటయో, పైపొరను రవంత గీకుటయో చేయవలసివచ్చును; దోషము ముదిరి గుంటలుపడిన పంటియందు అతుకు సరిగా కుదరునని భరోసా ఇచ్చుట కష్టము. వేరులోని డెంటినుకంటె పైనున్న గోడల విషయముననే ఇది హెచ్చు బాధించును, అనగా పొన్నునకు కావలసిన చోటనే. రంగు మరియొక సమస్య. ఇరుగుపొరుగు పండ్లు చారలతో నుండగా ఒక్క క్యాప్ పాలవలె మెరసినచో అది పెట్టుడుపన్ను అని పదడుగుల దూరమునుండియే తెలియును. ప్రక్కపంటి చారను పోలినట్లు క్యాప్‌పై సన్నని గోధుమగీత వ్రాయుమని ల్యాబుకు చెప్పు వైద్యులు కలరు. ఒక్కటైనను తెల్లగా ఉండనిమ్మని పట్టుబట్టు రోగులును కలరు. ఇద్దరిలో ఎవరిది తప్పనుటకు వీలులేదు.

ఫలితముల విషయమునకు వచ్చినచో, ఇటలీలో ఫెరారీ ప్రభృతులు 2000లో ప్రకటించిన పరిశీలనమున, ఒకటినుండి ఆరేండ్లవరకు నోటనున్న 1,304 ఫైబర్ పోస్టులలో 3.2 శాతము మాత్రమే విఫలమైనవి. తరువాతి దీర్ఘకాలపు లెక్కలలో వైఫల్యము ఇంతకు హెచ్చుగనే కనబడినది. కాలము గడచినకొలది అట్లగుట సహజము. విఫలమైనవానిలో పోస్టు ఊడివచ్చుట సర్వసాధారణము, వేరుకొనయొద్ద చీము మరల చేరుట దాని తరువాతిది. ఊడినదానిని, వేరు చెడకుండినచో, శుభ్రపరచి మరల అతికింపవచ్చును. కాని క్యాప్ రవంత కదలినట్లు తోచినను నొప్పి లేదుగదా యని ఆరునెలలు ఊరకున్నవారికి ఈ సౌకర్యము దక్కదు. నరము లేని పన్ను పుచ్చుచున్నను నొప్పి చెప్పదు. సందులో ఉమ్మియు ఎంగిలియు దిగి లోపలి డెంటిను మెత్తబడి, పోస్టును పట్టుకొని లాగగా తడిసిన కొయ్యపొడివంటి ముద్దతో బయటికివచ్చుట వైద్యులెల్లరును చూచినదే.

గుండ్రని పోస్టు గుండ్రని కాలువకే అమరును. చిన్నపండ్లలో కాలువ తరచుగా అండాకారముగా ఉండును గనుక ప్రక్కల సిమెంటు మందమై బలహీనపడును. దీనికి విరుగుడుగా, ఫిన్లండునుండి వచ్చినట్టి, గట్టిపడకమునుపు మెత్తగా వంగు గాజునారల కట్టలను కాలువ ఆకారమునకు ఒదిగించి అచ్చటనే దీపముతో గట్టిపరచు పద్ధతి యొకటి కలదు. ప్రధానమైన పోస్టు ప్రక్కన సన్నని పుల్లలను చేర్చి ఖాళీ నింపుటయు, రెజిను ముద్దతో పోస్టునకు కాలువ ఆకారమును పోయించుటయు, నారల దిమ్మెనుండి కంప్యూటరు సాయమున పోస్టును మొండెమును ఏకముగా చెక్కించుటయు ఇట్టి ప్రయత్నములే. చివరిది పోత పోస్టు మార్గమునకు చుట్టుతిరిగి మరల చేరుటయని చెప్పవచ్చును.

వేరుకొనయొద్ద మరల చీము చేరినప్పుడు పోస్టును తీసి చికిత్స మొదటినుండి చేయవలసివచ్చును. బిగిసిన లోహపు పోస్టును కదలించుటకు చాలసేపు ప్రకంపన యంత్రముతో పోరాడవలెను, ఆ పోరాటమున వేరు పగిలినను పగులును. ఫైబర్ పోస్టును తవ్వియే తీయవచ్చును. నడుమ చిన్నగుంట చేసి సన్నని డ్రిల్లును నిలిపినచో, నారలు నిలువుగా ఉన్నందున అది చెరకుగడలో దిగిన ఇనుపచువ్వవలె వానివెంబడియే దారి చేసికొని దిగును, గోడవైపునకు అంతగా జరుగదు. పోస్టును డెంటినును ఒకే తెలుపుగా ఉండుటచేత ఏది పుల్లయో ఏది పన్నో గుర్తించుట కష్టమగును. పెద్దదిగా చేసి చూపు అద్దముల పరికరముతో, నీరు ఆపి, గాలి ఊదుచు, తెల్లని నారలు పీచుపీచుగా లేచుచున్నంతవరకు మెల్లగా దిగుచు పోవలెను. పీచు నిలిచిపోయి, డ్రిల్లుకొనకు మెత్తదనము తగిలి, లోతున గట్టాపర్చా యొక్క గులాబిరంగు చుక్క కనబడినచో పోస్టు పూర్తిగా వచ్చినట్లు.